విశ్వవిద్యాలయం నుంచి బడికి: టీచర్ల శిక్షణ ప్రాజెక్టును ఏడాది పాటు ఎలా నడపాలి

బెంగళూరులోని బి.ఎడ్. కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల విద్యా విభాగాల్లో మన తెలుగువాళ్ళు చాలామంది పనిచేస్తున్నారు. కొత్తగా ప్రాజెక్టు చేతికి వచ్చినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మేడం, డబ్బు మంజూరైంది. బడికి వెళ్ళి ఏం చేయాలి? ఏది ముందు, ఏది వెనక?"

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే సరిపోవడం లేదని మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణకు ఒక విద్యా విభాగం, 12 ప్రభుత్వ హిరియ ప్రాథమిక శాలలు (పై ప్రాథమిక బడులు), ఆరో తరగతి లెక్కలు, ఒక విద్యా సంవత్సరం అనుకుందాం. మీ సబ్జెక్టు వేరైనా పని వరస ఇదే.

ఒక్క మాట ముందే చెబుతాను. శిక్షణ హాల్లో విన్నది టీచర్ తన తరగతిలో మొదటిసారి చేసినప్పుడు సరిగా కుదరదు. రెండోసారి చేసేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటేనే నిలబడుతుంది. అందుకే మీ డబ్బు, మనుషులు, రోజులు అన్నీ ఆ రెండోసారి కోసం దాచుకోవాలి.

1. ఒకే తరగతి, ఒకే నైపుణ్యం

ప్రపోజల్‌లో "విద్యార్థుల అభ్యసన స్థాయిని మెరుగుపరచడం" అని ఉంటుంది. ఆ వాక్యం పట్టుకుని తరగతిలోకి వెళితే చేయడానికి ఏమీ దొరకదు. దాన్ని చిన్నది చేయండి: "ఆరో తరగతి పిల్లలు రెండంకెల, మూడంకెల తీసివేతను అర్థం చేసుకుని చేయాలి, దాన్ని చిల్లర లెక్కలో వాడగలగాలి."

మరీ చిన్నదిగా కనిపిస్తుంది, నిజమే. కానీ స్థాన విలువ, నోటి లెక్క, పదాల లెక్క అన్నీ దీని వెనకే ఉన్నాయి. ఇదొక్కటి సరిగా కుదిరితే భాగహారానికి దారి సుగమమవుతుంది.

తరగతి ఎంపికలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మీ దగ్గర ఉన్నది బి.ఎడ్. విద్యార్థులైతే 6 నుంచి పై తరగతులు తీసుకోండి. 1 నుంచి 5 వరకు పనిచేయాలంటే డి.ఎల్.ఎడ్. విద్యార్థులు కావాలి, అంటే డైట్‌తో (జిల్లా విద్యా శిక్షణ సంస్థతో) కలిసి నడవాలి. పైగా కర్ణాటకలో 1 నుంచి 3 తరగతులు నలి-కలి పద్ధతిలో కలిసి కూర్చుంటాయి. కార్డులు, మెట్లు, గుంపులతో సాగే ఆ గదిలో పీరియడ్ లెక్కన రాసిన లెసన్ ప్లాన్ పనికిరాదు.

చదవడం మీద పని చేసేవాళ్ళకు ఒక జాగ్రత్త. చిన్న తరగతుల్లో చదువు, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉంది. కన్నడ, తెలుగు పదాలు ప్రత్యయాలు కలుపుకుని పొడవుగా ఉంటాయి. ఇంగ్లీషు పేరాతో పోల్చి ఇక్కడి పిల్లలు నెమ్మది అనకండి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో (మూడో తరగతి పిల్లల సర్వేలో) భాషకో ప్రమాణం పెట్టారు. మీ భాషకు ఉన్న ప్రమాణాన్నే వాడండి.

2. అనుమతులు, కాగితాలు

ఈ పని ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టాలి. బడులు తెరిచాక మొదలుపెడితే మొదటి టర్మ్ అనుమతులకే సరిపోతుంది. బెంగళూరు నగరం ఉత్తర, దక్షిణ విద్యా జిల్లాలుగా ఉంది. మీ బడులు ఏ జిల్లా కిందికి వస్తాయో చూసుకుని ఆ డీడీపీఐకి (జిల్లా విద్యాశాఖ అధికారికి) ఉత్తరం ఇవ్వండి. తర్వాత బీఈవోను (బ్లాక్ విద్యాధికారిని), ఆ తర్వాత సీఆర్‌పీని, అంటే దగ్గరి బడులు కొన్ని కలిపిన క్లస్టర్‌ను చూసుకునే రిసోర్స్ పర్సన్‌ను, స్వయంగా కలవండి.

ఉత్తరం కన్నడలో, ఒక్క పేజీలో ఉండాలి. ఎన్ని బడులు, ఏ తరగతి, టీచర్ల నుంచి ఎన్ని రోజులు, పిల్లల నుంచి ఎన్ని నిమిషాలు, ఈ నాలుగు అంకెలు స్పష్టంగా కనిపించాలి. టీచర్లు శిక్షణకు రావాలంటే ఓఓడీ, అంటే ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టే లెక్కించే అనుమతి, ఉండాలి. ఆ మాట ఉత్తరంలో లేకపోతే, శిక్షణ రోజున సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

పిల్లల సమాచారం విషయంలో తేలిగ్గా ఉండకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి. పత్రం కన్నడలో ఉన్నా, ఎదురుగా ఉన్న అమ్మకు తెలుగో తమిళమో ఉర్దూనో వస్తే ఆ భాషలో చదివి వినిపించాలి. మేస్త్రీ పనికి ఊరు విడిచి వచ్చిన తల్లి సంతకం పెట్టేముందు "ఇది దేనికి?" అని అడిగితే, జవాబు ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఉండాలి.

ముందే చేతిలో ఉండాల్సినవి:

☐ డీడీపీఐ అనుమతి, బీఈవో సర్క్యులర్, ఓఓడీ మాట
☐ మీ సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం
☐ ప్రతి బడి హెచ్‌ఎంతో ఒప్పందం, ఎస్‌డీఎంసీకి (తల్లిదండ్రులుండే బడి అభివృద్ధి కమిటీకి) సమాచారం
☐ తల్లిదండ్రుల అంగీకార పత్రం, చదివి వినిపించిన భాష పేరుతో
☐ పిల్లల పేర్ల బదులు వరుస సంఖ్యలు. పేర్ల జాబితా ఒక్కరి దగ్గరే, తాళం కింద
☐ ముఖాలు కనిపించే ఫొటోలు తీయకూడదన్న నియమం, టీం అందరి సంతకాలతో

3. బడులు, మనుషులు

12 బడులనూ ఒకటి రెండు క్లస్టర్లలోనే, నగరంలో ఒకే వైపున ఎంచుకోండి. ఒకటి యలహంకలో, ఒకటి ఆనేకల్‌లో పెట్టుకుంటే బడికి వెళ్ళి టీచర్‌కు తోడుండే మీ మెంటర్ రోజు సగం సిల్క్ బోర్డు జంక్షన్‌లోనే గడిచిపోతుంది.

హెచ్‌ఎం ఉత్సాహంగా ఉన్న బడులనే ఏరుకోవద్దు. అక్కడ వచ్చిన ఫలితం ఇంకోచోట రాదు. అనుమతి దొరికిన 12 బడుల పేర్లు చీటీలు వేసి, హెచ్‌ఎంల ఎదుటే 6 తీయండి. అవి ఈ ఏడాది, మిగతా 6 వచ్చే ఏడాది. రెండో గుంపు బడుల్లో ఈ ఏడాది పిల్లల అంచనా మాత్రమే జరుగుతుంది. ఆ బడులు మీకు పోలికగా పనికొస్తాయి. వాళ్ళకు ఇచ్చిన మాటను బడ్జెట్‌లో కూడా రాయండి, లేకపోతే అది మాటగానే మిగిలిపోతుంది.

గెస్ట్ టీచర్లను వదిలేయకండి. చాలా బడుల్లో ఆరో తరగతి లెక్కలు చెప్పేది వాళ్ళే. వచ్చే ఏడాది వాళ్ళు ఉంటారో లేదో తెలియదు కాబట్టి ప్రతి బడి నుంచి ఇద్దరిని తీసుకోండి, అందులో ఒకరైనా రెగ్యులర్ టీచర్ కావాలి.

మెంటర్లుగా మీ అధ్యాపకుల్లో ఇద్దరు, బడిలో పదేళ్ళయినా పాఠం చెప్పిన మరొకరు ఉంటే మంచిది. పీహెచ్‌డీ ఉంది, ఆరో తరగతికి ఒక్క పాఠమూ చెప్పలేదు అన్నవాళ్ళను ఒంటరిగా పంపకండి. టీచర్లు మొదటి పది నిమిషాల్లోనే పసిగట్టేస్తారు.

4. ఫారం రాసేముందు బడిలో రెండు రోజులు

జూన్‌లో ప్రతి మెంటర్ తన బడిలో రెండు పూర్తి రోజులు కూర్చోవాలి. చేతిలో ఫారం వద్దు, నోటుబుక్ చాలు.

చూడాల్సింది బడి రోజు ఎలా నడుస్తుందన్నది. ప్రార్థన ఎప్పుడు ముగుస్తుంది, పాలు ఎప్పుడు ఇస్తారు, 40 నిమిషాల పీరియడ్‌లో పాఠానికి నిజంగా మిగిలేది ఎంత, టీచర్‌ను ఎన్నిసార్లు ఆఫీసు పనికి పిలుస్తారు, రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నాయా. 40 నిమిషాల కార్యక్రమం తయారుచేసి, 25 నిమిషాలే దొరికితే, దాన్ని మధ్యలో ఆపేసిన టీచర్ మనసులో "ఇది అయ్యే పని కాదు" అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర పోగొట్టడం చాలా కష్టం.

గణిత కిట్ ఎక్కడ ఉందో కూడా అడగండి. బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియకుండా కిట్ మీద ఆధారపడే పాఠం రాయకూడదు.

5. బేస్‌లైన్: జవాబు కాదు, ఆలోచన వినాలి

బేస్‌లైన్, అంటే పని మొదలుపెట్టే ముందు తీసే పిల్లల అంచనా, జూన్ మొదటి వారంలో వద్దు. అప్పటికి చేరికలు పూర్తికావు. ఊళ్ళకు వెళ్ళిన కుటుంబాలు ఇంకా తిరిగి రావు. జులై మొదటి రెండు వారాలు సరైన సమయం.

రాత పరీక్ష ఒక్కటే పెడితే ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. పిల్లవాడితో ఎదురుగా కూర్చుని, 10 నిమిషాలు, 6 లెక్కలు. ప్రతి లెక్క తర్వాత ఒకే ప్రశ్న: "ఎలా చేశావో చెప్పు." 20 మంది ఉన్న తరగతికి 200 నిమిషాలు. ఇద్దరు వెళితే మధ్యాహ్న భోజనానికి ముందే అయిపోతుంది.

లెక్కల ఎంపికలో ఉన్న మెలకువ ఇది. 52 నుంచి 27 తీసేయమన్నామనుకోండి. జవాబు 25. ఒక పాప 35 అని రాసింది. ఎందుకు? ఒకట్ల స్థానంలో పెద్ద అంకె నుంచి చిన్నది తీసేసి ఉండొచ్చు: 7 నుంచి 2 తీస్తే 5, 5 నుంచి 2 తీస్తే 3. లేదా పది అప్పు తెచ్చుకుని 12 నుంచి 7 తీసి 5 సరిగానే రాసి, పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచిపోయి ఉండొచ్చు. రెండు దారుల్లోనూ 35 వస్తుంది.

మొదటి దారిలో వెళ్ళిన పాపకు స్థాన విలువే అర్థం కాలేదు. రెండో దారిలో వెళ్ళిన పాపకు అర్థమైంది, చేతి అలవాటు కుదరలేదంతే. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

అదే 64 నుంచి 28 తీయమంటే, మొదటి పాప 44 రాస్తుంది, రెండో పాప 46 రాస్తుంది. సరైన జవాబు 36. జవాబు చూడగానే తేడా తెలుస్తుంది. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్నప్పుడే రెండు తప్పులూ కలిసిపోతాయి. మీ లెక్కల్లో అలాంటివి లేకుండా చూసుకోండి. ఒక లెక్కలో మధ్యలో సున్న పెట్టండి: 403 నుంచి 167. అక్కడ 364 అన్న జవాబు వస్తే, మళ్ళీ పెద్దదాన్నుంచి చిన్నది తీశారన్నమాట.

ఆరో లెక్క నోటితోనే అడగండి. 50 రూపాయల నోటు ఇచ్చి 27 రూపాయల సరుకు కొంటే ఎంత తిరిగి వస్తుంది? పలకమీద తప్పు చేసినవాడు కూడా, అమ్మ కూరగాయల బండి దగ్గర కూర్చునేవాడైతే, "27కి 3 కలిపితే 30, ఇంకో 20, మొత్తం 23" అని టక్కున చెప్పేస్తాడు. ఈ దారి టీచర్‌కు చూపించండి. పిల్లవాడికి లెక్క రాదని ఏడాదిగా అనుకుంటున్న టీచర్, అతని నోట ఆ జవాబు విన్నాక పాఠం చెప్పే తీరు మార్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

బేస్‌లైన్ తీసేవాళ్ళకు:

☐ సొంత తరగతి టీచర్ అంచనా వేయకూడదు
☐ మొదటి బడిలో ఇద్దరు ఒకే పిల్లవాడిని విని, విడివిడిగా రాసి, పోల్చుకోవాలి
☐ "తప్పు", "భేష్" రెండూ అనకూడదు. "సరే, తర్వాతది" చాలు
☐ ఆ రోజు రాని పిల్లల కోసం వారంలోగా ఇంకోసారి వెళ్ళాలి
☐ పిల్లవాడు చెప్పిన మాట చెప్పినట్టే, వాడి భాషలోనే రాసుకోవాలి

6. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ

బెంగళూరు ప్రభుత్వ బడుల్లో తెలుగు మాట్లాడే పిల్లలు తక్కువేమీ కాదు. రాయలసీమ నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇక్కడే తరాలుగా ఉన్నవాళ్ళు, సరిహద్దు తాలూకాల నుంచి వచ్చినవాళ్ళు, అందరూ ఒకే బెంచీ మీద ఉంటారు. లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక ఆగిపోయే పిల్లలు వీళ్ళలో ఉంటారు.

దీన్ని తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. పదాల లెక్కను మొదట కన్నడలో చదవండి. జవాబు రాకపోతే అదే లెక్క తెలుగులో చెప్పండి. "ఉళిదవు ఎష్టు?" అన్నప్పుడు మౌనంగా ఉన్న పాప "ఎన్ని మిగిలాయి?" అనగానే చెప్పిందంటే, ఆమెకు కావలసింది తీసివేత పాఠం కాదు. రెండు జవాబులకూ ఫారంలో వేర్వేరు గడులు ఉంచండి. తెలుగులో చెప్పాక వచ్చినదాన్ని మొదటి గడిలో కలపొద్దు.

గణితంలో మనకు ఒక సౌకర్యం ఉంది. సంకలన, వ్యవకలన, గుణాకార అన్న కన్నడ మాటలు మన సంకలనం, వ్యవకలనం, గుణకారాలకు అతి దగ్గర. చాలా రోజువారీ మాటల్లో మొదటి అక్షరం ఒక్కటే మారుతుంది: మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి. ఈ వరస చూపిస్తే పిల్లలు తామే కొత్త జంటలు వెతుక్కుంటారు.

కానీ ఒకేలా వినిపించి వేరే అర్థమిచ్చే మాటలూ ఉన్నాయి. మనకు ఊట అంటే నీటి ఊట, కన్నడలో భోజనం. మనకు మర అంటే యంత్రం, అక్కడ చెట్టు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి "ఇల్ల" అంటే ఇల్లు గుర్తొస్తుంది, టీచర్ మాత్రం "లేదు" అంటున్నారు. "తోటలో 30 మర ఉన్నాయి" అన్న లెక్క దగ్గర ఒకడు ఎందుకు ఆగాడో తెలుగు తెలియని టీచర్‌కు తట్టదు. మెంటర్ తెలుగువారైతే ఇలాంటివి ఒక పేజీ రాసి టీచర్ టేబుల్ మీద పెట్టి రావచ్చు.

తెలుగు మెంటర్లు కన్నడ లిపి నేర్చుకోవాల్సిందే. రెండు లిపులూ దగ్గరివి కాబట్టి రోజూ అరగంట కూర్చుంటే కొద్ది వారాల్లో పిల్లల నోటుబుక్ చదవగలుగుతారు. నోటుబుక్ చదవలేని మెంటర్‌కు టీచర్ ముందు మాట ఉండదు.

తమిళం, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలకూ ఇదే దారి. మీ బి.ఎడ్. విద్యార్థుల్లో ఆ భాషలు వచ్చినవాళ్ళను ఆ బడులకే పంపండి.

7. శిక్షణ రోజులు: రెండు చాలు

అయిదు రోజుల వర్క్‌షాప్ పెట్టాలని అందరికీ ఉంటుంది. రెండు రోజులు చాలు. మిగతా డబ్బు బడి సందర్శనలకు ఉంచండి.

మొదటి రోజు ఉదయం ప్రారంభోత్సవం, దీపం, ఉపన్యాసాలు పెట్టొద్దు. వాళ్ళ పిల్లల బేస్‌లైన్ కాగితాలు, పేర్లు లేకుండా, వాళ్ళ చేతుల్లో పెట్టండి. 35 రాసిన కాగితం చూపించి "ఈ పాప ఎలా ఆలోచించి ఉంటుంది?" అని అడగండి. ఆ చర్చ రెండు గంటలు సాగుతుంది, సాగనివ్వండి.

మధ్యాహ్నం వస్తువులతో పని. పుల్లల కట్టలు, విడి పుల్లలు. ఒక కట్ట విప్పితే పది పుల్లలు వస్తాయి, కట్టల్లో ఒకటి తగ్గుతుంది. ఈ పని టీచర్లు తమ చేతులతో చేయాలి, చూస్తూ కూర్చోకూడదు. రెండో రోజు ప్రతి ఒక్కరూ 20 నిమిషాల పాఠం తయారుచేసి, ఆరుగురు తోటి టీచర్ల ముందు చెప్పి, వెంటనే ఒక మార్పు చేసి మళ్ళీ చెప్పాలి. అంతే.

నోట్సు కన్నడలో ఇవ్వండి. ఇంగ్లీషులో 60 స్లైడ్లు ఇచ్చినా తర్వాత ఎవరూ తెరవరు.

8. బడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం

ప్రాజెక్టులో అసలు పని ఇదే. జులై చివరి నుంచి దసరా సెలవుల దాకా 4 సందర్శనలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 4. బడికి 8 సార్లు, 6 బడులకు 48 సార్లు. ఒక్కో సందర్శనకు సగం రోజు అనుకుంటే 24 పూర్తి రోజులు. మీ అధ్యాపకుల టైంటేబుల్‌లో ఆ రోజులు జూన్‌లోనే ఖాళీ చేయించాలి. "వీలున్నప్పుడు వెళ్తాం" అని రాసుకున్న ప్రాజెక్టుల్లో సెప్టెంబరు తర్వాత ఎవరూ వెళ్ళరు.

సందర్శన ఇలా నడవాలి.

పాఠానికి ముందు 10 నిమిషాలు టీచర్‌తో. అడగాల్సింది: "ఈ రోజు నన్ను ఏం గమనించమంటారు?" టీచర్ చెప్పినదాన్నే గమనించాలి. మొదటి రెండుసార్లు "ఏదైనా చూడండి సార్" అంటారు. అప్పుడు మీరే ఒకటి సూచించండి: వెనక వరుసలో ముగ్గురు పిల్లలు పుల్లలతో ఏం చేస్తున్నారో చూస్తానని.

పాఠం జరిగేటప్పుడు ఆ ముగ్గురి పక్కనే కూర్చోండి. టీచర్ ఏం చేశారన్నది కాదు, పిల్లలు ఏం చేశారన్నది రాయండి. ఎంత పెద్ద తప్పు కనిపించినా పిల్లల ముందు టీచర్‌ను సరిదిద్దొద్దు. బోర్డు మీద లెక్క తప్పు పడితే చిన్న చీటీ చేతికివ్వండి.

పాఠం తర్వాత 20 నిమిషాలు. "మీ పాఠం బాగుంది" అని మొదలుపెట్టకండి, తర్వాత వచ్చే "కానీ" కోసం ఎదురుచూస్తూ టీచర్ బిగుసుకుపోతారు. ముగ్గురు పిల్లల నోటుబుక్కులు టేబుల్ మీద పెట్టి వాటి గురించి మాట్లాడండి. చివరికి వచ్చే పాఠంలో మార్చుకోవాల్సింది ఒక్కటి, ఒక్కటే, ఇద్దరూ కలిసి నిర్ణయించండి. కార్బన్ కాపీ పుస్తకంలో రాసి ఒక ప్రతి టీచర్‌కు ఇవ్వండి. తర్వాతి సందర్శన ఆ కాగితంతోనే మొదలవుతుంది.

మూడో సందర్శన నుంచి, టీచర్ ఒప్పుకుంటే, పాఠంలో సగం మీరు చెప్పండి. మీ పాఠం కూడా కొన్నిసార్లు తడబడుతుంది. ఆ రోజు టీచర్ మీతో మనసువిప్పి మాట్లాడతారు.

ఆ కాగితం మీ ఇద్దరి మధ్యే ఉండాలి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒక ప్రాజెక్టులో మా సందర్శన నోట్సు అడిగితే పై ఆఫీసుకు ఇచ్చేశాం. వారం తిరగకుండా ఒక టీచర్‌కు మెమో లాంటి ఉత్తరం వెళ్ళింది. ఆ తర్వాత ఏ బడికి వెళ్ళినా ముందే రిహార్సల్ చేసిన పాఠాలే కనిపించాయి. ముందు వరుసలో తెలివైన పిల్లలు, అందరికీ జవాబులు కంఠతా. ఆ ఏడాది మాకు నిజమైన తరగతి మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఒప్పందంలోనే రాయిస్తాను: ఆఫీసుకు వెళ్ళేవి బడి పేర్లు లేని మొత్తాలు మాత్రమే.

తరచు వచ్చే చిక్కులు, వాటికి దారులు:

టీచర్ సెలవులో ఉన్నారు. తిరిగి రావొద్దు. తోటి టీచర్ తరగతిలో కూర్చోండి, పిల్లల నోటుబుక్కులు చూడండి.

"సిలబస్ పూర్తికాదు సార్." ఈ మాట నిజం. పుల్లల పని కొత్త పాఠంగా చేర్చకండి, పుస్తకంలోని అభ్యాసంలో మొదటి మూడు లెక్కల స్థానంలో పెట్టండి.

వాట్సాప్ గ్రూపు ఫొటోలతో, శుభోదయాలతో నిండిపోయింది. గురువారం రోజున ఒకే పోస్టు అన్న నియమం పెట్టండి: ఒక పిల్లవాడి తప్పు జవాబు, పేరు లేకుండా, "దీని వెనక ఆలోచన ఏమిటి?" అన్న ప్రశ్నతో.

గెస్ట్ టీచర్ మధ్యలో మానేశారు. రెండో టీచర్ ఉన్నారు కదా, అందుకే ఇద్దరిని తీసుకున్నాం.

నెలకోసారి ఆరు బడుల టీచర్లను ఏదో ఒక బడిలో రెండు గంటలు కూర్చోబెట్టండి. కళాశాల హాల్లో వద్దు. ఆతిథ్యమిచ్చే టీచర్ తరగతి గదిలోనే, గోడమీద పిల్లల పని కనిపిస్తుండగా మాట్లాడుకోవాలి.

జాతీయ విద్యా విధానం 2020 టీచర్‌కు ఏడాదికి కనీసం 50 గంటల నిరంతర వృత్తి శిక్షణ అడుగుతోంది. శిక్షణ 12 గంటలు, నెలసరి సమావేశాలు ఎనిమిదికి 16, సందర్శనల్లో టీచర్‌తో గడిపినవి గంటన్నర చొప్పున 12, మొత్తం 40 అవుతాయి. ఈ గంటలను డైట్ లెక్కలోకి తీసుకునేలా మొదట్లోనే అడిగి రాయించుకోండి. టీచర్ శ్రమకు దక్కాల్సిన గుర్తింపు అది.

9. బి.ఎడ్. విద్యార్థుల వంతు

2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళ కోర్సు, అందులో 20 వారాలు బడిలో గడపాలి. ఈ వారాలను ప్రాజెక్టు బడుల్లోనే పెట్టించండి. బేస్‌లైన్ వినడం, చిన్న గుంపులతో పనిచేయడం, పుల్లల కట్టలు కట్టించడం వాళ్ళు చేయగలరు.

కానీ వాళ్ళను ఖాళీ పీరియడ్లు నింపే మనుషులుగా వాడనివ్వొద్దు. విద్యార్థి రాగానే టీచర్ తరగతి అప్పగించి వెళ్ళిపోతే ఇద్దరూ ఏమీ నేర్చుకోరు. ఇద్దరూ గదిలో ఉండాలని హెచ్‌ఎంతో ముందే మాట్లాడుకోండి. ప్రతి విద్యార్థికీ అయిదుగురు పిల్లలను ఇచ్చి, వాళ్ళ ఆలోచన వారం వారం ఎలా మారిందో డైరీ రాయించండి. లెసన్ ప్లాన్ల కట్టకు ఇచ్చే మార్కుల్లో కొంత ఈ డైరీకి ఇవ్వండి.

10. డబ్బు

రాకపోకలకు, మెంటర్ల రోజులకు సగానికి పైగా ఉంచండి. ట్యాబులు, కెమెరాలు, బ్యానర్లు చివర. మొదటి విడత ఆలస్యంగా వస్తుందనే అనుకుని జూన్, జులై ఖర్చులకు మీ సంస్థ నుంచి అడ్వాన్సుకు ముందే దరఖాస్తు పెట్టండి. కేంద్ర నిధులైతే మార్చి 31 తర్వాత జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) 12-ఎ రూపంలో వినియోగ ధృవపత్రం ఇవ్వాలి. ఆటో బిల్లు దగ్గర నుంచి తారీకు వేసి అంటించుకుంటూ వెళ్ళండి.

11. ఎండ్‌లైన్

సంక్రాంతికి ఊరెళ్ళిన పిల్లలు కొందరు ఆలస్యంగా తిరిగి వస్తారు. మార్చిలో పరీక్షల హడావుడి. అందుకని ఎండ్‌లైన్‌ను, అంటే ఏడాది చివరి అంచనాను, ఫిబ్రవరి రెండో సగంలో పెట్టుకోండి. అదే 10 నిమిషాలు, అదే రకం 6 లెక్కలు, అంకెలు మాత్రం వేరు. ఏ బడి ఏ గుంపులో ఉందో తెలియనివాళ్ళు వింటే ఇంకా మంచిది.

☐ రెండుసార్లూ ఉన్న పిల్లలనే పోల్చాలి
☐ మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో వేరుగా చెప్పాలి
☐ సందర్శనలు జరిగిన 6 బడులు, జరగని 6 బడులు పక్కపక్కన చూపాలి
☐ సగటు ఒక్కటే కాదు. ఏ రకం తప్పు తగ్గింది, ఏది అలాగే ఉందో రాయాలి
☐ ఇంట్లో తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లల ఫలితం విడిగా చూడాలి

మొదటి ఆరు బడుల్లో మార్పు పెద్దగా కనిపించకపోతే అదే రాయండి. ఎన్ని సందర్శనలు నిజంగా జరిగాయో పక్కన రాయండి. 8కి బదులు 3 జరిగి ఉంటే, పద్ధతి పనిచేయలేదని చెప్పడానికి లేదు, పద్ధతి జరగనే లేదు. ఈ నిజాయితీ లేకపోతే తర్వాత వచ్చేవాళ్ళు అదే తప్పు మళ్ళీ చేస్తారు, నష్టపోయేది పిల్లలు.

టీచర్ల అభిప్రాయ ఫారం కూడా తీసుకోండి, కానీ దాన్నే ఫలితంగా చూపించొద్దు. మంచి భోజనం పెట్టిన వర్క్‌షాప్‌కు అందరూ అయిదుకు అయిదు వేస్తారు.

12. బడికి తిరిగి ఇవ్వడం

రిపోర్టు నిధులిచ్చినవాళ్ళకు వెళ్ళేముందు బడికి వెళ్ళాలి. ఏప్రిల్ సెలవులకు ముందు ప్రతి బడికి కన్నడలో రెండు పేజీలు: మీ పిల్లలు జులైలో ఇలా ఆలోచించారు, ఫిబ్రవరిలో ఇలా. హెచ్‌ఎం, టీచర్లు, ఎస్‌డీఎంసీ సభ్యులు కూర్చున్నప్పుడు చదివి వినిపించండి. తల్లుల్లో తెలుగువాళ్ళు ఉంటే వాళ్ళకు తెలుగులో చెప్పండి.

కార్బన్ కాపీ పుస్తకం టీచర్‌కే ఇచ్చేయండి. పుల్లల కట్టలు, లెక్కల కార్డులు తరగతి బీరువాలో పెట్టి, తాళం చెవి ఎవరి దగ్గరుందో హెచ్‌ఎం రిజిస్టర్‌లో రాయించండి. వచ్చే జూన్‌లో ఆ తరగతికి కొత్త గెస్ట్ టీచర్ వస్తే, ఏడాది పనిచేసిన రెండో టీచర్ ఆమెకు మొదటి వారంలో చూపించాల్సిన మూడు పాఠాలేవో ఆ రిజిస్టర్ పక్క పేజీలోనే ఉండాలి. ఆ పేజీ రాయించాక రెండో గుంపు ఆరు బడుల హెచ్‌ఎంలకు ఫోన్ చేసి, మే చివరి వారంలో కలిసే తారీకు ఖాయం చేసుకోండి.